చేటెడు తవుడు

ఆ ఎండాకాలం మా ఇంటికి ప్రేమను కొలిచే మనిషి వచ్చింది.

బళ్లారి దగ్గర మా కుడతినిలో ఎండను కొలవడానికి ఎవరూ రారు. శివరాత్రి దాటగానే అది ఇంటి మనిషిలా లోపలికొచ్చి కూర్చుంటుంది, మళ్ళీ వానలు పడేదాకా లేవదు. అలాంటి ఒక మధ్యాహ్నం, గొడుగు మడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డ పిల్లను చూసి ఏదో అమ్మడానికి వచ్చిందనుకున్నాను.

"మాకుండాదమ్మా, వద్దు," అన్నాను, అదేమిటో అడక్కుండానే.

"అమ్మడానికి కాదండి," అంది.

పేరు రేణుక. సిరుగుప్ప దగ్గర కాలవ కింద వరి పండించే క్యాంపు పిల్ల. వాళ్ళ తాత గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. మూడు తరాలైనా ఆ 'అండి' మాత్రం వాళ్ళ నోళ్ళలోంచి పోలేదు. బళ్లారిలో నర్సింగ్‌లో పైచదువు చదువుతోంది. కడుపుతో ఉన్నవాళ్ళకు లోపలి బిడ్డ మీద మమకారం ఎంతుందో, కాన్పయ్యాక అదెంతవుతుందో ప్రశ్నలడిగి కొలవడం ఆమె చదువు. ఆశా కార్యకర్త మా ఇల్లు చూపించింది. మా అంబికకు అప్పుడు ఏడో నెల.

అంబిక నా తోడికోడలు, మా మరిది మౌనేశ్ భార్య. ఆమెకిది మూడో కడుపు. మొదటిది నిలవలేదు. రెండోది మగపిల్లాడు. పుట్టి, పేరు పెట్టించుకుని, ఫోటో దిగి, చుట్టాలందరి ఫోన్లలోకీ ఎక్కి, వారం తిరక్కుండా పోయాడు. ఆ ఫోటోను ఎవరూ తుడిచెయ్యలేదు. ఎవరూ తెరిచి చూడనూ లేదు.

మా అత్త హులిగెమ్మ దీనికి కారణం కనిపెట్టింది. మనం మరీ ముచ్చటపడ్డాం, అది ఏ పాడుకళ్ళ పాలో పడింది. కాబట్టి ఈసారి ముచ్చట బంద్. పేరు అనుకోకూడదు, గుడ్డలు కొనకూడదు, కడుపు మీద చెయ్యేసుకుని నవ్వకూడదు. లోపలిదాన్ని 'కసువు' అనే పిలవాలి. కసువంటే మా వైపు ఊడ్చి పారేసే చెత్త. చెత్తనైతే ఎవరూ ఎత్తుకుపోరని ఆమె లెక్క. బి.ఏ. చదివినదాన్ని, నేను నవ్వాలి. కానీ రెండోవాడి ఉయ్యాలను విప్పి అటకెక్కించింది నేనే. నవ్వలేదు.

రేణుక చాప మీద కూర్చుని కాగితాలు తీసింది. ఒక్కో ప్రశ్నకు అయిదు జవాబుల్లో ఒకటి చెప్పాలట: ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, అసలు లేదు.

"గర్భస్థ శిశువుతో మీరు సంభాషిస్తుంటారా అండి?"

అంబిక నా మొహం చూసింది.

"కడుపులోదాంతో మాట్లాడతావా అని అడుగుతాండాది," అన్నాను. ఆ విధంగా నేను దుబాసీనయ్యాను.

"ల్యా," అంది అంబిక, లేదన్నట్టు తలాడిస్తూ.

"శిశువు రూపురేఖలను ఊహించుకుంటారా?"

"అది ఎట్లుంటాదో అని అనుకుంటాంటావా?"

"ల్యా."

"శిశువు కోసం వస్తువులు సిద్ధం చేసుకోవడంలో..."

"అసలు ల్యా," అని తలుపు పక్కనుంచి మా అత్త జవాబిచ్చింది. కందిపప్పు చెరుగుతోంది. చెవులు మాత్రం మా చాప మీదే ఉన్నాయి.

"ఆమే చెప్పాలండి, అమ్మా."

"ఆయమ్మ చెప్పినా అదే. రాసుకో పో."

అంతలో లోపలిది తన్నినట్టుంది. అంబిక పక్క పట్టుకుని కొంచెం వంగింది. "గమ్మునుండవే కసువా. తిన్నదంతా నీకే పోసి నేను పుల్ల మాదిరి ఐతాండా. మల్ల తంతావా, ముదనష్టందానా," అంది. మగబిడ్డ అనుకోవడం కూడా ముచ్చటే కాబట్టి తిట్లలో అది ఆడపిల్లే.

రేణుక పెన్ను ఆగింది. "ఇప్పుడెవరితో అన్నారండి?"

"దీన్నే."

"మాట్లాడనన్నారు కదండి?"

"మాట్లాడను. తిడతా."

రేణుక నా వైపు తిరిగింది. "అక్కా, తిట్టడం మాట్లాడటం కిందికి వస్తుందంటారా?"

"మా ఇంట్లో మాట్లాడటమంటేనే అది," అన్నాను.

ఆమె నవ్వలేదు. బయటికెళ్ళి వాళ్ళ మేడమ్‌కు ఫోన్ చేసింది. మేడమ్ కాసేపు ఆలోచించి, తిట్టుకు గడి లేదు కనుక 'అసలు లేదు' దగ్గరే టిక్కు పెట్టమందట. అంబికకు ఆ వీధిలోనే కాదు, రేణుక తిరిగిన ఊళ్ళన్నిట్లో తక్కువ మార్కులొచ్చాయని నాకు తర్వాత తెలిసింది.

తండ్రులకూ ఒక కాగితముంది. మౌనేశ్‌కు కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు పని. వీక్లీ ఆఫ్ నాడు తల దువ్వుకుని, ఇంటర్వ్యూకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. అన్నిటికీ 'ఎప్పుడూ'. వాడి ఫోన్‌లో ఒక యాప్ ఉండేది. లోపలి బిడ్డ ఏ వారం ఏ కాయంత అయిందో అది చెప్తుంది. నిమ్మకాయంత నుంచి మొదలుపెట్టి వాడు అన్నీ నాకు వంటింట్లో రహస్యంగా చెప్తూ వచ్చాడు, వాళ్ళమ్మ వినకుండా.

"మధ్యలో అవకాడో అని ఒకటి వచ్చిండె వదినా."

"అదెంతుంటాదప్పా?"

"తెలీదు. ఫోన్‌లో పచ్చగుండాది."

రేణుక లేస్తూ లేస్తూ, భార్యాభర్తలిద్దరూ ఒకసారి కాలేజీకి రండి, మేడమ్ మాట్లాడతారు అంది.

"ఎందుకు మేడమ్?" అన్నాడు మౌనేశ్.

"కొంచెం తక్కువ వచ్చినవాళ్ళని పిలుస్తామండి. భయపడేదేం లేదు."

మౌనేశ్‌కు తను చెప్పిన జవాబులు గుర్తున్నాయి. తక్కువ ఎవరికొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆ మధ్యాహ్నం నేను ముద్ద, చింతాకు పప్పు వడ్డిస్తుంటే అంబిక కడుపు వైపు చూస్తూ అడిగాడు. "నీకి ఇది వద్దా?"

"మెల్లగ మాట్లాడు," అంది అంబిక.

"ఎవరుండారీడ? వదినే కదా."

"మెల్లగంటి. వింటాది."

ఏది వింటుందో చెప్పలేదు. తల మాత్రం ఒకసారి గోడవైపు తిప్పింది, అక్కడెవరో కూర్చున్నట్టు. మౌనేశ్ సగం ముద్ద కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. మౌనేశ్ పనికి పోతాడు, వస్తాడు, తిని మిద్దెక్కి పడుకుంటాడు. కాయల సంగతి నాకూ చెప్పడం మానేశాడు. అంబిక కాలేజీకి పోలేదు. మా అత్త పోనివ్వలేదు. "ముచ్చటపడమని చెప్పేకి ఒక కాలేజీ అంటనా," అంది. రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్ళు పట్టుకోవడం, గేదెకు దాణా కలపడం, ముగ్గురి మధ్యా అటుదిటు ఇటుదటు చెప్పడం, అన్నీ నా పనే అయ్యాయి. మా ఆయన హొన్నూరుస్వామి ఏ గొడవలోనూ వేలు పెట్టడు. ఆయన ఆరోగ్య రహస్యం అదే.

నడి ఎండల్లో బళ్లారిలో కాన్పయింది. ఆడపిల్ల. గట్టిగా ఏడిచింది, గట్టిగా పాలు తాగింది. డాక్టరమ్మ బాగుందంది. ఆస్పత్రిలో ఎవరూ బాగుందని అనలేదు, ఆ డాక్టరమ్మ తప్ప. ఆమె అన్న ప్రతిసారీ మా అత్త నేల మీద ఉమ్మినట్టు చేసింది.

ఇంటికొచ్చిన రోజు బిడ్డ గడప దాటలేదు. ముందు కసువుదిబ్బ మీదికి పోవాలి. పిల్లలు దక్కని ఇళ్ళలో మా వైపు ఉన్నదే ఈ పద్ధతి. బిడ్డను చేటలో పెట్టి దిబ్బ మీద పారేస్తారు. దారిన పోయే ఇంకొకరు చూసి, చేటెడు తవుడిచ్చి కొనుక్కుంటారు. ఇక బిడ్డ ఆమెది. కన్నతల్లి పాలివ్వొచ్చు, ఒకే ఇంట్లో ఉండొచ్చు, కానీ తన బిడ్డ అనకూడదు. పుట్టువెంట్రుకలు తీసేనాడు అదే కొలతకు తవుడు తిరిగిచ్చి తెచ్చుకోవాలి. అప్పటిదాకా, వెతుక్కుంటూ వచ్చే పీడ ఏదైనా అంబిక ఒళ్ళో చూసి, ఇక్కడ బిడ్డ లేదని వెనక్కిపోతుంది.

మా అత్త తెల్లవారకముందే ఆ దిబ్బను ఊడ్చింది. నీళ్ళు చల్లింది. తన పాత జరీచీర మడతేసి పరిచింది. చుట్టూ డెటాల్ పోసింది. అంత శుభ్రమైన కసువుదిబ్బను నేను మళ్ళీ చూడలేదు.

కొనేది నేను. "అనుకోకుండ దొరికినట్ల రావల్ల," అని అత్త చెప్పింది. అందుకని వీధి మొగదాకా నడిచివెళ్ళి, చేటలో తవుడుతో అనుకోకుండా తిరిగొచ్చాను.

అంబిక బిడ్డను దించింది. "నాకొద్దు. ఇది నాది కాదు," అంది. వెనక్కి చూడకుండా నడిచింది. అరటితొక్క పారేసినవాళ్ళు కూడా ఒకసారి వెనక్కి చూస్తారు. మౌనేశ్ గేదె పక్కన నిలబడి దాని మెడ నిమురుతూనే ఉన్నాడు. కాగితం మీద అన్నిటికీ 'ఎప్పుడూ' అన్నవాడికి బిడ్డను ఎత్తుకోవాలంటే మాత్రం చేతులు రాలేదు.

ఎదురెళ్ళి తవుడు అంబిక కొంగులో పోసి, దిబ్బ మీది బిడ్డను ఎత్తుకున్నాను. నా కొడుకు హుబ్బళ్ళిలో డిప్లొమా చదువుతున్నాడు. గడ్డం గీసుకునే కొడుకున్న వయసులో నాకు కూతురు పుట్టింది.

మొదట్లో నాటకం బాగానే నడిచింది. అంబిక పాలిచ్చి నాకిచ్చేది. నేను నీళ్ళు పోసి, సాంబ్రాణి పట్టి, పడుకోబెట్టేదాన్ని. వానలు దగ్గరపడే వేళకి నాకు నడుము విరిగింది, కళ్ళ కింద నలుపు పట్టింది, వంటలో ఉప్పు రెండుసార్లు పడింది. అలసటలో మనిషికి కొన్ని ఆలస్యంగా కనిపిస్తాయి. అంబిక బిడ్డను తిట్టడం లేదన్న సంగతి నాకు అలాగే ఆలస్యంగా తట్టింది.

కడుపులో ఉన్నన్నాళ్ళూ పొద్దస్తమానం తిట్టిన మనిషి. ఇప్పుడు మర్యాద. "పాపా, ఇట్ల తిరుగమ్మా." "అక్కా, మీ పాప ఏడుస్తాండాది, చూడు." పాలు తాగడం అయిపోగానే మూతి తుడిచి, చుట్టాల గిన్నె తిరిగిచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చేది. మా ఇంట్లో మర్యాద బయటివాళ్ళకే.

రేణుక మళ్ళీ వచ్చింది, ఈసారి పుట్టిన బిడ్డ ప్రశ్నలతో. మొదటి ప్రశ్నకే ఆగింది.

"ఈ పాప నాది అనిపిస్తుంది. ఎంత తరచుగా అండి?"

"అసలు ల్యా," అంది అంబిక. "అక్కది. కొనుక్కుండాది."

రేణుక కాగితాలు మూసేసింది. "కొన్నారా?" అంది నా వైపు చూసి. "ఎంతకండి?"

"చేటెడు తవుడుకు."

పోలీసుల నంబరు గుర్తు తెచ్చుకుంటున్నట్టు కనబడింది. మజ్జిగిచ్చి మొత్తం చెప్పాను. విని, సగం తాగి, మిగతా ప్రశ్నలడిగింది. పాప ఏడిస్తే గుండె లాగుతుందా? ల్యా. పాప పక్కన లేకపోతే వెలితిగా ఉంటుందా? ల్యా. అంబిక అన్నిటికీ అదే జవాబు, అదే మర్యాద. ఈసారి తలుపు పక్కన మా అత్త లేదు. ఆమె చెప్పిస్తోందని అనుకోవడానికి నాకు వీలు లేకపోయింది.

అంబిక లేచి వెళ్ళాక, ఊరికే సరదాకి, "నన్నడుగు," అన్నాను.

రేణుక అడిగింది. నేను చెప్పాను. ఏడుపు వినబడితే పని వదిలేస్తారా? ముందురోజే పాలు పొంగిపోయాయి. పాప పక్కన లేకపోతే? ఒళ్ళు తేలిగ్గా ఉండాలి కదా, ఉండదు. చేతులు ఏదో మర్చిపోయినట్టుంటాయి. చివరికి ఆమె కూడి, "అక్కా, మీకు చాలా బాగా వచ్చాయి," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కొనుక్కున్నది దాచిపెట్టడానికి, ఉంచేసుకోవడానికి కాదు.

గొడుగు విప్పుతూ గేటు దగ్గర ఆగింది రేణుక. "అక్కా, తక్కువ వచ్చినవాళ్ళందరికీ ప్రేమ లేదని కాదండి. కొందరు భయంతో అంటారు, కొందరు సిగ్గుతో. కానీ కొందరు నిజంగానే ఇబ్బందిలో ఉంటారు. ఎవరు ఏదో ఈ కాగితం చెప్పదు. ఇంట్లో ఉండేవాళ్ళు చూడాలి. అవసరమైతే ఫోన్ చెయ్యండి, నేనే తీసుకెళ్తాను."

అప్పటిదాకా ఆ కాగితాలతో ఆడుకున్నాను. ఆ మాటతో నాకు భయం పట్టుకుంది. అంబిక పీడను మోసం చేస్తోందా, లేక నిజంగానే దిబ్బ మీద వదిలేసి వచ్చేసిందా?

మా అత్తతో అన్నాను. ఆమె చెరుగుతున్న చేట ఆపింది.

"నాది కాదని అనమంటి," అంది చివరికి. "అట్లనే ఉండమంటినా?"

నాలుగు రోజులు ఆలోచించాను. అయిదో రోజు పొద్దున కాఫీ తాగుతూ ప్రకటించాను. "చోరనూరుకు పోతాండా. మా అమ్మోళ్ళింటికి. పాపను తీసుకపోతా."

అత్త గ్లాసు దించింది. "పాలెట్ల?"

"డబ్బాపాలు తాపిస్తా. వానలయ్యేదాకా ఆడే ఉంటా. నా బిడ్డ, నా పుట్టిల్లు. ఎవరికేమి?"

చెప్పింది అంబిక కోసం. ఆమె వద్దంటుందని, కనీసం మొహమైనా మారుతుందని.

"సరే అక్కా," అంది. "చోరనూరులో గాలి బాగుంటాది."

వెళ్ళి, ఆరేసిన గుడ్డలు తెచ్చి మడత పెట్టింది. ఒక్కొక్కటీ అంచుకంచు కలిపి. సంచి సర్దింది. సాంబ్రాణి పొట్లం పైన పెట్టింది, వెతుక్కోకుండా దొరకాలని. నేను చూస్తూ కూర్చున్నాను. ఎత్తు నాదే, దాని లోపల పడింది నేనే. నిజం చెప్పాలంటే సగం మనసు, సర్లే, నిజంగానే పోదాం అంది. ఆ సగాన్ని మాట్లాడనివ్వలేదు.

చోరనూరుకు సండూరు మీదుగా పోవాలి. బస్సు దగ్గర దింపడానికి మా వీధి తిప్పేశ్ ఆటో తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. ఆకాశం మబ్బేసి ఉంది, వాన మాత్రం దిగడం లేదు. మౌనేశ్ షిఫ్టు దిగి వచ్చి, బానలోంచి నీళ్ళు ముంచుకుని మొహం కడుక్కుంటున్నాడు. సంచి ఆటోలో పెట్టాను. అంబిక అరుగు మీద కూర్చుని చివరిసారి పాలిస్తోంది.

"అమ్మా, సండూరు బస్సు పోతాది," అన్నాడు తిప్పేశ్.

నేను చేతులు చాచాను. అంబిక బిడ్డను రొమ్ము నుంచి తీసింది. మూతి తుడిచింది. ఇవ్వబోయింది. ఇవ్వలేకపోయింది, ఎందుకంటే పాప ఆమె నల్లపూసలు గుప్పిట్లో పట్టుకుంది.

"ఇడుసు పాపా," అంది అంబిక. "మీ అమ్మ పిలుస్తాండాది, ఇడుసమ్మా."

వేళ్ళు ఒకటొకటిగా విప్పింది. నాలుగోది విప్పేసరికి మొదటిది మళ్ళీ మూసుకుంది. మళ్ళీ విప్పింది. పాప ఈసారి నల్లపూసలతో పాటు ముందుకు పడ్డ జడనూ పట్టుకుని లాగింది.

"ఇడుసమ్మా. నొస్తాది."

పాప ఇంకా గట్టిగా లాగింది. అంబిక తల వంగిపోయింది, మొహం మొహానికి తగిలింది.

"ఇడువే, ముదనష్టందానా," అంది. "ఎవరిదనుకోని పీకుతాండావే? తాగినంత తాగి, బొచ్చెడు బరువై, ఇప్పుడు నా జుట్టు గావాల్నా నీకి? పొమ్మంటే పోవు, రమ్మంటే రావు, కసువా. యాడికి పోతావే నన్నిడిసి, యాడికి పోతావ్..."

అలా తిడుతూనే ఉంది. కాన్పయినప్పటి నుంచీ గొంతులో ఆపుకున్నవన్నీ. మధ్యలో ఒకసారి తలెత్తి నన్ను చూసింది. నేను ఆటో వైపు చూశాను.

మౌనేశ్ చేతిలో చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, మొహం మీద నీళ్ళు కారుతూ. తర్వాత చెంబు బాన మీద పెట్టి, ఆటోలోంచి నా సంచి తీసి, లోపలికి తీసుకుపోయాడు. కాసేపటికి బయటికొచ్చి అంబిక పక్కన అరుగు మీద కూర్చుని, తడి చేతులు చొక్కాకు తుడుచుకుని చాచాడు. ఆమె చూడలేదు. ఇంకా తిడుతోంది.

"అమ్మా, పోయేదా, లేదా?" అన్నాడు తిప్పేశ్.

"లేదప్పా. నువ్వు పో," అన్నాను.

మా అత్త గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నేను అడగలేదు. ఆమె కూడా నన్నడగలేదు.

రేణుకకు ఫోన్ చేశాను.

"ఎలా ఉన్నారక్కా ఆమె?"

"తిడతాండాది."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. తర్వాత, నేర్చుకున్న పిల్లలా, "ఎంత తరచుగా అండి?" అంది.

"ఎప్పుడూ," అన్నాను.

పుట్టువెంట్రుకల దాకా ఆగాలని మా అత్త అంది, కానీ గట్టిగా అనలేదు. కొన్నది నేను, తిరిగిచ్చేదీ నేనేనన్నాను. ఆ పై ఆదివారం, మొదటి వాన పడి వెలిసిన పొద్దున, దిబ్బ పక్కనే పీట వేసుకుని పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంబిక ఇంట్లోకి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చింది. మూత తీసి చేటలో వంచింది.

తవుడు. నేనిచ్చిందే.

"గేదెకు వేస్తివనుకుంటి కదే," అన్నాను.

"గేదెకెందుకు వేస్తానక్కా," అంది.

పురుగు పట్టింది, ముద్దలు కట్టింది. గేదె కూడా మూతి పెట్టేలా లేదు. చేట అంచుదాకా వచ్చింది. కొలత సరిపోయింది.

"సరిపోలేదు," అన్నాను. "మల్ల డబ్బాకు పోసి, మల్ల కొలువు."

అంబిక నా మొహం చూసింది. డబ్బా ముందుకు జరుపుకుని, దోసిళ్ళతో, నెమ్మదిగా కొలవడం మొదలుపెట్టింది. ఆ కాసేపూ పాప నా ఒళ్ళోనే ఉంది.